సైకిలు – సైకిళ్ళు

ఈ ఏడాది సావనీరుకి ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "పాత విద్యార్థిగా మీ అనుభవాలు రాయండి సార్" అన్నాడు. అనుభవాలనగానే చాలామంది తాము సాధించినవి రాస్తారు. నేను మటుకు నాకు జరిగిన ఒక అవమానం గురించీ, దాని మూలంగా నేర్చుకున్న ఒక వ్యాకరణ విషయం గురించీ, ఆ తర్వాత నేనే చేసిన ఒక తప్పు గురించీ రాస్తాను. వ్యాకరణం అనగానే పేజీ తిప్పెయ్యకండి. ఇందులో సూత్రాలకంటే సైకిళ్ళే ఎక్కువ.

మాది పొన్నూరు. బస్సు దిగితే పొన్నూరు, రైలు దిగితే నిడుబ్రోలు. రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. పడమటికి వెళితే పత్తీ మిరపా గాని, మా వైపు వరి, వరి కోశాక మినుము. మా నాన్నకి పొలం లేదు. బజారులో చిన్న సైకిలు షాపు ఉండేది. గంటకింత అని అద్దెకిచ్చేవాడు, పంచర్లు వేసేవాడు. ఆయన చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు నవలలు మాత్రం దొరికినవల్లా చదివేవాణ్ణి. ఆ పిచ్చితోనే 1978లో ఎం.ఏ. ఇంగ్లీషులో చేరాను.

చదవటం వేరు, మాట్లాడటం వేరు అని మొదటి సెమినార్‌లోనే తెలిసింది. ఎమర్జెన్సీ ఎత్తేసి అప్పటికి ఏడాదిన్నరే. ఎక్కడ విన్నా ప్రజాస్వామ్యం గురించే మాటలు. నాకు ఆర్వెల్ మీద పేపర్ ఇచ్చారు. వారం రోజులు లైబ్రరీలో కూర్చుని కష్టపడి రాశాను. చదవటం మొదలుపెట్టాను. పేపర్ నిండా 'డెమోక్రసీ'యే. ఆ మాటని నేను ఎలా చూస్తే అలా, అక్షరం తర్వాత అక్షరం, 'డె' దగ్గర ఒకసారీ 'క్ర' దగ్గర ఇంకోసారీ గట్టిగా నొక్కి పలికాను. వెనక బెంచీలో చిన్నగా నవ్వు మొదలైంది. రెండో పేజీకి వచ్చేసరికి ఆ మాట వచ్చినప్పుడల్లా నలుగురు నాతో కలిసి మెల్లిగా పలకటం మొదలుపెట్టారు. చివరికి ఒకతను లేచి, "పదిహేడుసార్లు" అన్నాడు. లెక్కపెట్టాడన్నమాట. క్లాసంతా నవ్వింది. ఆర్వెల్ గురించి నేనేం చెప్పానో ఎవరూ అడగలేదు.

మా ఊరి భావన్నారాయణస్వామిని సాక్షి భావన్నారాయణ అంటారు. మనిషి ఇచ్చిన మాటకి వచ్చి సాక్ష్యం చెప్పిన దేవుడని పేరు. నా ఇంగ్లీషు మాటకి మటుకు ఆయన కూడా సాక్ష్యం చెప్పలేకపోయాడు.

ఆ తర్వాత పది రోజులు నేను క్లాసులో నోరు విప్పలేదు. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్' అనటానికి కూడా భయమే. అది కూడా ఎక్కడ నొక్కాలో తెలియదు గదా! శనివారం పెట్టె సర్దుకుని, పరుపుచుట్టతో సహా గుంటూరులో బస్సెక్కాను. నారాకోడూరు, చేబ్రోలు దాటుతుండగా మనసులో తీర్మానం అయిపోయింది. ఇక చదువు వద్దు, షాపులో కూర్చుంటాను. 'కాన్వెంటులో చదివిన వాళ్ళ భాష అది, మనలాంటి వాళ్ళకి రాదు, పుట్టుకతో రావలసిందే' అని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషికి ఇంతకంటే ప్రమాదకరమైన ఆలోచన ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది.

పరుపుచుట్ట చూసి నాన్న ఏమీ అడగలేదు. షాపు ముందు రేకుబోర్డు దించి, నీలం రంగు కొత్తగా వేసి ఆరబెట్టి ఉంచాడు. "మంచి వేళకే వచ్చావు. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటయ్యి. రాసిపెట్టు" అని తెల్లరంగు డబ్బా, కుంచె చేతికిచ్చాడు. నేను మనసు ఎక్కడో పెట్టుకుని 'ఇచ్చట సైకిలు అద్దెకు' అని రాసేశాను.

నాన్న చూసి నవ్వాడు. "ఒక్క సైకిలేనంట్రా మనకుంది? సైకిళ్ళు అని రాయి."

కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మళ్ళీ రాయబోతూ ఆగాను. సైకిలు ఇంగ్లీషు మాట. ఇంగ్లీషులో 'ళ' లేదు. ఏ ఇంగ్లీషువాడి నోటికీ 'సైకిళ్ళు' అన్నమాట తిరగదు. మరి ఇందులోకి ఈ 'ళ' ఎవరు తెచ్చారు?

"ఇది 'ళ' ఎందుకయింది నాన్నా?" అన్నాను.

ఆయన నావంక, ఎం.ఏ. చదివేవాడికి ఇంతమాత్రం తెలియదా అన్నట్టు చూశాడు. "అదేం ప్రశ్నరా! కాలు కాళ్ళు కాలేదూ? సైకిలూ అంతే. సైకిళ్ళవుద్ది."

ఆ రోజు ఆ బోర్డు దగ్గర ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. కాలు కాళ్ళు, వేలు వేళ్ళు, కోడలు కోడళ్ళు. అదే దారిలో రైలు రైళ్ళు, స్కూలు స్కూళ్ళు, హోటలు హోటళ్ళు. 'లు'తో ముగిసే మాటకి బహువచనపు 'లు' వచ్చి తగిలితే మధ్యలో ఉన్న ఉకారం పడిపోయి, రెండు లకారాలూ ఒరుసుకుని 'ళ్ళు' అవుతున్నాయి. చెట్టు చెట్లయినట్టే టిక్కెట్టు టిక్కెట్లయింది. కారు కార్లయింది. బస్సు మాత్రం ఉకారాన్ని వదులుకోక బస్సులుగానే ఉంది. కత్తి కత్తులవుతుంది, పిల్లి పిల్లులవుతుంది. వెనక 'లు' వచ్చి చేరుతోందని తెలిసి ముందున్న ఇకారం తన రంగు మార్చుకుంటోంది. ఇదంతా మా నాన్నకి ఎవరూ నేర్పలేదు. ఆయన రెంచీ పట్టుకుని ఎన్నడూ విననన్ని ఇంగ్లీషు మాటల్ని ఈ యంత్రంలోంచి తప్పులేకుండా తీస్తున్నాడు. మాట నిర్మాణం మారితే ధ్వని మారుతుంది. ఈ సంగతి తెలియని మనిషి లేడు. తెలుసునన్న సంగతే తెలియదు.

సోమవారం పొద్దున పరుపుచుట్టతో సహా తిరిగి వెళ్ళాను. నాన్న అప్పుడూ ఏమీ అడగలేదు.

మాకు భాషాశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకాయన ఉండేవారు. సెమినార్ రోజున ఆయన లేరు. ఆయన గదికి వెళ్ళి సైకిళ్ళ సంగతీ, డెమోక్రసీ సంగతీ రెండూ చెప్పాను. ఆయన నవ్వలేదు. బీరువాలోంచి డేనియల్ జోన్స్ ఉచ్చారణ నిఘంటువు తీశారు. 1917లో మొదట అచ్చయి, తర్వాత ఎన్నోసార్లు సవరణలు పొందిన పుస్తకం అది. మూడు మాటలు చూపించారు. డెమొక్రాట్ అన్నప్పుడు ఊనిక మొదటి అక్షరం 'డె' మీద. డిమాక్రసీ అన్నప్పుడు రెండోదాని మీద, 'మా' మీద. డెమొక్రాటిక్ అన్నప్పుడు మూడోదాని మీద, 'క్రా' మీద. మాట ఒకటే, వెనక తోక మారేసరికి బరువు ఒక్కొక్క అక్షరమే వెనక్కి జరుగుతోంది. బరువు పోయిన అక్షరంలోని అచ్చు నీరసించి, అకారానికీ ఎకారానికీ మధ్య చిన్న మూలుగులా మిగులుతుంది. ఫోటోగ్రాఫ్, ఫొటాగ్రఫీ, ఫొటొగ్రాఫిక్ కూడా అచ్చంగా ఇంతే.

"నీ ఇబ్బంది నోటిది కాదోయ్, అతుకుది" అన్నారాయన. "తెలుగులో మనం ప్రతి అక్షరానికీ దాని వాటా సమంగా పంచిపెడతాం. ఊనిక మారినంత మాత్రాన మనకి మాట మారదు. ఇంగ్లీషులో ఒక అక్షరం పెద్దపీట వేసుక్కూర్చుంటుంది. ఆ పీట ఎవరిదో తోక చెబుతుంది. తోకలు రెండు రకాలు. మీ షాపులో ట్యూబుకి ప్యాచి ఎలా వేస్తారు?"

చెప్పాను. ఆకురాయితో రుద్ది, సొల్యూషను రాసి, అంటించి, మళ్ళీ గాలి కొడతాం.

"వెనక క్యారియరు?"

"నట్టు బిగిస్తాం సార్. చక్రం జోలికి పోనక్కర్లేదు."

"అంతే. '-ఇక్', '-ఇటీ', '-ఇయన్' లాంటివి ప్యాచీలు. మాటలో కలిసిపోతాయి. మళ్ళీ గాలి కొట్టాల్సిందే. ఊనికని సరిగ్గా తమ ముందున్న అక్షరం మీదికి లాక్కుంటాయి. '-నెస్', '-లెస్', '-ఫుల్', '-ఇంగ్' క్యారియర్లు. ఎన్ని బిగించినా లోపలి మాట కదలదు."

నా నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఇంతకంటే తేలికగా ఈ పాఠం ఎవరూ చెప్పగా నేను వినలేదు. సైన్ అంటే సంతకం పెట్టటం. రాతలో 'జి' ఉంది, పలకటంలో లేదు. దానికి '-ఇంగ్' అనే క్యారియరు బిగిస్తే సైనింగ్. 'జి' పలకదు. అదే మాటకి ప్యాచి పడితే సిగ్నేచర్! దాగిన 'జి' బయటికి వచ్చింది, 'ఐ' కాస్తా 'ఇ' అయింది. ఎలక్ట్రిక్‌లోని 'క', ఎలక్ట్రిసిటీకి వచ్చేసరికి 'స' అవుతుంది. మ్యూజిక్‌లోని 'క' మ్యుజీషియన్‌లో 'ష' అవుతుంది. డివైన్ డివినిటీ అవుతుంది, సేన్ శానిటీ అవుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు పిచ్చిదని మనం తిట్టుకుంటాం గాని, ఆ మూగ 'జి' తన చుట్టాలెవరో గుర్తుంచుకోవటానికే అక్కడ కూర్చుని ఉందనిపిస్తుంది.

నేనూ ఊరుకోలేదు. "మరి ఇల్లు ఇళ్ళయితే, బిల్లు బిళ్ళు కాదేం సార్? బిల్లులే అంటున్నాం గదా!" అని అడిగాను. ఆయన సంతోషించారు. "డివైన్ డివినిటీ అయితే, ఒబీస్ మాత్రం ఒబీసిటీగానే ఎందుకుంది? ప్రతి భాషకీ గడప దాటని కొత్త కోడళ్ళు కొందరుంటారు" అన్నారు. '-ఇక్' రూలుకి కూడా లొంగనివి ఉన్నాయి. పాలిటిక్స్‌లో ఊనిక మొదటి అక్షరం మీదే ఉంటుంది. గవర్నమెంటులో '-మెంట్' పేరుకి క్యారియరే అయినా, దాని మీద '-అల్' అనే ప్యాచి పడి గవర్నమెంటల్ అయ్యేసరికి ఊనిక వచ్చి ఆ క్యారియరు మీదే కూర్చుంటుంది. పాలిటిక్సూ గవర్నమెంటూ ఏ రూలుకీ లొంగవని అందుకే అంటారేమో!

ఈ ప్యాచీ-క్యారియరు తేడాని పండితులు అప్పుడప్పుడే తేలుస్తున్నారని తర్వాత తెలిసింది. ఛామ్‌స్కీ, హాలే కలిసి ఇంగ్లీషు ధ్వని నిర్మాణం మీద పెద్ద పుస్తకం వేసింది 1968లో. ప్రత్యయాలు రెండు తరగతులని డొరతీ సీగెల్ అమెరికాలోని ఎం.ఐ.టి.లో సిద్ధాంత వ్యాసం రాసింది 1974లో. 1982లో కిపార్‌స్కీ దాన్ని ఒక పూర్తి సిద్ధాంతంగా పెంచాడు. అదే ఏడు అక్కడే కె.పి. మోహనన్, మన పక్కనున్న మలయాళం నుంచి సమాసాల ఉదాహరణలు తెచ్చి ఇదే విషయం మీద డాక్టరేట్ చేశాడు. మన ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువుల మీద ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1961లో వచ్చింది. ఆ మరుసటి ఏడే ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. అదంతా రైతుల నోట విన్న వ్యవసాయపు మాటలే. పెద్ద పండితుడు నోటుబుక్కు పట్టుకుని రైతు దగ్గరికి వెళ్ళాడంటే, రైతు నోట్లో ఏదో శాస్త్రం ఉందనే గదా!

మన వ్యాకరణాల్లో ఈ సంగతి కొత్తది కాదు. ఓ సెలవు రోజున ఇంటికెళితే అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. "కూరగాయలు అయిపోయినయ్యిరా, బీరకాయలు తప్ప ఏం లేవు" అంది. ఒకే వాక్యంలో ఒకచోట 'గాయలు', ఇంకోచోట 'కాయలు'! కూరగాయలంటే కూరలూ కాయలూ. రెండూ సమానమైన మాటలు, ద్వంద్వ సమాసం. తల్లిదండ్రులు, అన్నదమ్ములు లాగా అక్కడ పరుషం సరళమైంది. బీరకాయ అంటే బీర అనే తీగ కాసిన కాయ. ఇక్కడ మొదటిది రెండోదానికి విశేషణం, అందుచేత 'కా' అలాగే నిలిచింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయ సూరి గసడదవలని చెప్పిన సంధి ఇది. రెండు మాటల మధ్య చుట్టరికం ఏమిటో అతుకు దగ్గర ధ్వనే చెప్పేస్తుంది. ఇంగ్లీషువాడికి ఆ పని ఊనిక చేస్తుంది. బ్లాక్‌బోర్డ్ అని 'బ్లాక్' మీద నొక్కితే అది క్లాసురూములో ఉండే బోర్డు, దాని రంగు ఆకుపచ్చ అయినా సరే. 'బోర్డ్' మీద నొక్కితే ఏదో ఒక నల్లటి చెక్క.

రెండో ఏడు నేను మళ్ళీ సెమినార్ ఇచ్చాను. ఊనికలు నేర్చుకునే వెళ్ళాను. నవ్వు రాలేదు. కానీ నాకు అందులో గెలిచినట్టు అనిపించలేదు. నవ్విన మిత్రులకి కూడా ఆ రూలు తెలియదు. వాళ్ళు చిన్నప్పట్నుంచీ విన్నారు, నేను వినలేదు. తేడా అంతే.

ఇదంతా తెలిసిన మనిషిని గదా, ఇక నేనెవర్నీ నొప్పించి ఉండనని మీరు అనుకోవచ్చు. అక్కడికే వస్తున్నాను.

1991లో ఒక డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్ళకి పాఠం చెబుతున్నాను. ఒక కుర్రవాణ్ణి లేపి పేరా చదవమన్నాను. పల్లెటూరివాడు. చొక్కా చేతులు కిందికి దించి బొత్తాలు పెట్టుకుని లేచాడు. బాగానే చదువుతున్నాడు. 'సిగ్నేచర్' అన్న మాట దగ్గరికి వచ్చి 'సైనేచర్' అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "సైనేచరా? ఇంకా నయం, నేచర్ అన్నావు కాదు!" అన్నాను. మాట జారిపోయింది. క్లాసంతా నవ్వింది. అతను పేరా పూర్తిచేసి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు లేపినా "రాదు సార్" అనేవాడు. పుస్తకం అతని చేతిలోనే ఉండేది.

రెండు నెలలకి రావటం మానేశాడు. ఆఫీసులో అడిగితే పరీక్ష ఫీజు కట్టలేదన్నారు. కారణం నేనేనని అనలేను. కాదని కూడా అనలేను. ఆ సంవత్సరం పొలాలెలా ఉన్నాయో, ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలుసుకోలేదు కూడా, అదీ నా తప్పే.

కొన్నాళ్ళకి సైన్, సైనింగ్ అని బోర్డు మీద రాస్తూ ఉంటే ఒక్కసారిగా తట్టింది. ఆ కుర్రవాడు చేసింది తప్పే కాని, బుద్ధిలేని తప్పు కాదు. అతనికి 'సైన్' తెలుసు. దానికి తోక తగిలిస్తే లోపలి మాట మారదని అతనికి అతనే గ్రహించాడు. సైనింగ్‌కి సరిపోయే రూలుని సిగ్నేచర్‌కి వేశాడు. ప్యాచి పడిన చోట క్యారియరు అనుకున్నాడు, అంతే. మా నాన్న సైకిలుని సైకిళ్ళు చేసినప్పుడు వాడిన తెలివే అది. నేను ఆ క్షణంలో "భేష్, నీకు రూలు తెలుసు. అయితే ఇంకో రూలు ఉంది, కూర్చో చెబుతాను" అని ఉండవలసింది. నాకు ఆ మాట చెప్పటానికి నా దగ్గరికి రావాల్సినవన్నీ వచ్చాయి. ఒక నాన్న, ఒక లెక్చరర్, ఒక జోన్స్ నిఘంటువు. అన్నీ ఉండి కూడా వెనక బెంచీవాళ్ళ నవ్వే నా నోటికి ముందొచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక అలవాటు పెట్టుకున్నాను. విద్యార్థి మాట తప్పు పలికితే దిద్దేముందు, ఆ తప్పులో ఉన్న రూలేమిటా అని ఒక్క క్షణం వెతికేవాణ్ణి. చాలాసార్లు ఏదో ఒకటి దొరికేది. దొరికినదాన్ని క్లాసుకి చెప్పేవాణ్ణి. చెప్పాక దిద్దేవాణ్ణి. ఇంతకీ దిద్దకుండా వదిలెయ్యమని నేను అనటం లేదు. రేపు ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఎవరూ ఇంత ఓపికగా వినరు. ఊనిక నేర్చుకోవలసిందే. ఇప్పుడు మీ చేతిలో ఫోను ఉంది, నొక్కితే పలికి వినిపిస్తుంది. మాకు ఆ సదుపాయం లేదు. కాని ఫోను ఒక్కొక్క మాటే చెబుతుంది. తోక ఏ రకందో మీరు పట్టుకుంటే, ఒక రూలుతో వంద మాటలు వస్తాయి.

మోపెడ్లు వచ్చాక అద్దె సైకిళ్ళు పోయాయి, షాపూ పోయింది, నాన్నా పోయారు. రేకుబోర్డు మటుకు ఇంట్లో తలుపు వెనక ఉంది. నీలం వెలిసిపోయింది. 'సైకి' దగ్గర తుప్పు పట్టింది. 'ళ్ళు' మాత్రం చక్కగా కనిపిస్తుంది. కిరసనాయిలుతో తుడిచి రెండోసారి రాసినది గదా, రంగు అక్కడ కాస్త మందంగా పడింది.

ఈ సంవత్సరం మీ సెమినార్లలో ఎవరో ఒకరు, ఏదో ఒక ఊరునుంచి వచ్చినవారు, ఏదో ఒక మాట దగ్గర తడబడతారు. అప్పుడు వెనక బెంచీలో ఉన్నవాళ్ళు లెక్కపెట్టటం కాస్త ఆపి, ఆ పేపర్లో ఏముందో వినండి. పాత విద్యార్థిగా నా కోరిక అదొక్కటే, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. చూశారుగా, మిమ్మల్ని పిలవాలన్నా నాకు ఆ 'ళ్ళు' కావలసి వచ్చింది.